లాన్ మీద డబ్బు పోసేముందు ఒక మాట

కొంచెం పెద్ద పోస్టే. తీరిక చూసుకొని చదవండి, కానీ సర్వసభ్య సమావేశానికి వచ్చేలోపు చదవమని మనవి. ఆ రోజు అజెండాలో ఏడో అంశంగా "ముందు ఆవరణ అభివృద్ధి" అని ఒక్క ముక్క ఉంది. ఆ ముక్క వెనక మూడు కొటేషన్లు ఉన్నాయి. మొదటిది ప్లాస్టిక్ గడ్డి పరవడం. రెండోది మొత్తం ఇంటర్‌లాక్ బ్లాకులు వేసి సగం పార్కింగుకు వదలడం. మూడోది ఉన్న మట్టిని చెక్కేసి, లారీల్లో ఎర్రమట్టి తెప్పించి, మెక్సికన్ కార్పెట్ గడ్డి పరవడం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మూడూ వద్దు. మన లాన్‌ను ఇప్పుడున్న గడ్డితోనే, ఒక్క ఏడాదిలో, మూడో కొటేషన్‌లో నాలుగో వంతు ఖర్చు కూడా కాకుండా బాగుచేసుకోవచ్చు. అంతకంటే ముఖ్యమైన సంగతి, గడ్డి ఎందుకు పోయిందో చూడకుండా కొత్త గడ్డి తెస్తే అదీ పోతుంది. నాలుగేళ్ళ కిందట ఒక కాంట్రాక్టరు పరిచిన కార్పెట్ రెండు వేసవులు దాటలేదు. ఆయన పరిచి, ఫొటోలు తీసుకొని, డబ్బు తీసుకొని వెళ్ళిపోయాడు. ఆయన పేరు ఇక్కడ అనవసరం. ఆయన మట్టితోపాటు ఏం దించి పోయాడో కింద చెప్తాను.

"లాన్ అంతా పాడైపోయింది" అని అందరం అంటున్నాం. అంతా పాడవలేదు. ఐదు చోట్ల ఐదు కారణాలతో పాడైంది. అరవై అడుగులు, యాభై అడుగులు, మొత్తం మూడు వేల చదరపు అడుగుల స్థలంలో ఐదు రకాల జబ్బులు ఉంటే ఒకే మందు ఎలా వేస్తాం?

గేటు పక్కన మొదలుపెడదాం. అక్కడ నేల బోడిగా, సిమెంటులాగా ఉంది. ఆదివారం తెలుగు తరగతికి పిల్లల్ని దింపే కార్లు అక్కడే తిరుగుతాయి. ఒక పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకొని నేలలోకి గుచ్చి చూడండి. లాన్ మధ్యలో పిడి దాకా దిగుతుంది. గేటు దగ్గర అంగుళం కూడా దిగదు. మట్టిలో గాలి లేదు, నీళ్ళు ఇంకవు, వేరు దిగదు. అక్కడ మెక్సికన్ గడ్డి వేసినా, స్వర్గం నుంచి పారిజాతం తెచ్చి నాటినా ఒకటే.

రెండోది పడమటి గోడ మూల. ప్రతి ఫంక్షన్‌కీ వంటలవాళ్ళు పొయ్యిలు పెట్టేది అక్కడే. పొయ్యి వేడి ఒక ఎత్తు అయితే, వార్చిన గంజి, బూరెలు వేయించిన నూనె, గిన్నెలు కడిగిన సబ్బునీళ్ళు అన్నీ అక్కడే గుమ్మరిస్తారు. ఆ మూలలో గునపంతో జానెడు లోతు తవ్వితే మట్టి నల్లగా, జిడ్డుగా వస్తుంది. దానికి మందు లేదు. ఆ మట్టి ఒక అడుగు లోతు తీసి పారెయ్యాలి. పొయ్యిలు శాశ్వతంగా భవనం వెనక గచ్చు మీదికి మారాలి.

మూడోది భవనాన్ని ఆనుకొని ఉన్న పట్టీ. ఇది చాలామందికి తెలియని సంగతి కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మన భవనం ఉత్తర ముఖం. చెన్నైలో ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అందుకే ఆ నెలల్లో ఆ పట్టీలో ఎండ పడుతుంది, గడ్డి పచ్చగా కనిపిస్తుంది. "చూశారా, బాగానే ఉంది" అనుకుంటాం. దసరా దాటాక సూర్యుడు దక్షిణానికి జరుగుతాడు. డిసెంబర్ నెలాఖరులో మధ్యాహ్నం పూట కూడా మన భవనం తన ఎత్తులో దాదాపు ముప్పాతిక వంతు పొడవున నీడ పరుస్తుంది. పాతిక అడుగుల భవనానికి పద్దెనిమిది అడుగుల నీడ. దానికి తోడు ఈశాన్య రుతుపవనాల తడి. గడ్డి పలచబడి పాచి పడుతుంది. సరిగ్గా సంక్రాంతికి అందరం వచ్చేసరికి అక్కడ బోడి నేల కనిపిస్తుంది, తోటమాలిని తిడతాం. ఆయనేం చేస్తారు, సూర్యుణ్ణి జరపగలరా?

బాదం చెట్టు కింద నాలుగో చోటు. పెద్ద ఆకులు, దట్టమైన నీడ, పైపైనే పాకిన వేర్లు. అక్కడ గడ్డి పెంచాలనుకోవడమే తప్పు. చుట్టూ ఒక అరుగు కట్టి, లోపల రాలిన ఆకుల్నే వదిలేస్తే పెద్దలు కూర్చోడానికి పనికొస్తుంది. చెట్టుకూ మంచిది.

ఇక ఐదోది నడిమధ్య. ఎండ బాగా ఉంది, మట్టి మెత్తగా ఉంది, నీళ్ళూ పడుతున్నాయి. అయినా గడ్డి లేదు. ఉన్నదంతా తుంగ.

తుంగ గురించి మన ఇళ్ళలో పెద్దవాళ్ళను అడగండి. నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి రెండు మూడు తరాల కిందట వచ్చిన కుటుంబాలు మనవి. సేద్యం చేసినవాళ్ళ నోట తుంగ మాట వస్తే మొహం మారిపోతుంది. ఇక్కడ తమిళంలో కోరై అంటారు. "కోరై పీకితే పోదు, పంది రావాలి" అని మన మాలి నవ్వుతూ అంటారు. నిజమే, అడవి పందులు ఆ గడ్డలు తవ్వుకొని తింటాయి. పైన కనిపించే ఆకు తుంగకు జుట్టు లాంటిది. అసలు ప్రాణం కింద గొలుసులా అల్లుకున్న చిన్న చిన్న నల్లటి గడ్డల్లో ఉంది. ఒక గడ్డ మొలిచి, కొన్ని వారాలకే కింద కొత్త గడ్డలు వేసుకుంటుంది. మనం ఆకు పీకుతాం, గొలుసు తెగుతుంది, తెగిన ప్రతి గడ్డా తన మొలక తాను వేసుకుంటుంది. ఆదివారం శ్రమదానం పేరుతో పోయినసారి మనం చేసింది సరిగ్గా ఇదే. ఫొటోల్లో బాగుంది. పదిహేను రోజులకు తుంగ ఇంకా చిక్కగా వచ్చింది.

ఇంత తుంగ మన ఆవరణలోకి ఎక్కడి నుంచి వచ్చింది? ఎర్రమట్టి లారీలో వచ్చింది. చెరువు గట్ల దగ్గర, పొలాల అంచుల్లో తవ్వి తెచ్చే మట్టిలో ఈ గడ్డలు లెక్కలేనన్ని ఉంటాయి. నర్సరీ నుంచి చాపల్లా చుట్టి తెచ్చే గడ్డి అడుగునా ఉంటాయి. ఇప్పుడు మూడో కొటేషన్ వాళ్ళు మళ్ళీ లారీల మట్టి అంటున్నారు. మట్టి తప్పనిసరైన చోటికి ఒక చిట్కా చెప్తాను. తెచ్చిన మట్టిని పరవకుండా వెనక పక్క పలచగా పోసి, మూడు వారాల పాటు తడుపుతూ ఉంచండి. తుంగ ఉంటే తల ఎత్తుతుంది. అప్పుడు ఆ లారీ వెనక్కి పంపాలి. ఈ షరతుకు ఏ కాంట్రాక్టరు ఒప్పుకుంటాడో చూద్దాం.

"ఒక్కసారి మందు కొట్టిస్తే పోతుంది కదా" అని ఇద్దరు ముగ్గురు గ్రూపులో రాశారు. గ్లైఫోసేట్ కొడితే తుంగతోపాటు మంచి గడ్డీ పోతుంది. పైగా 2022 అక్టోబర్‌లో కేంద్రం దాని వాడకాన్ని చీడ నివారణ సంస్థల చేతికే పరిమితం చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. కొట్టు నుంచి సీసా తెచ్చి మాలి చేతికివ్వడం కుదరదు. వెడల్పాకు కలుపుకు వాడే 2,4-డి తుంగ మీద పెద్దగా పనిచేయదు. చెరకు తోటల్లో ప్రత్యేకంగా తుంగ కోసమే వాడే హాలోసల్ఫ్యూరాన్ అనే మందు ఉంది, అది పనిచేస్తుంది. కానీ ఇది చెరకు తోట కాదు. ఐదేళ్ళ పిల్లలు బాసింపట్టు వేసుకొని కూర్చొని అ, ఆలు దిద్దే నేల. అక్కడ నేను మందుకు ఓటు వెయ్యను.

మందు లేకుండా తుంగను లొంగదీయడానికి ఓపిక కావాలి. తడి నేలలో చిన్న ముళ్ళపారతో మొక్క కింది నుంచి మట్టి పెళ్ళగించి, గొలుసు వెంట పోతూ గడ్డలతో సహా తీయాలి. తప్పిపోయినవి మళ్ళీ మొలుస్తాయి. ఐదారు ఆకులు వేసేలోపే మళ్ళీ తీయాలి. రెండు వారాలకు ఒకసారి, ఒక సీజనంతా. ఆకు వేసిన ప్రతిసారీ గడ్డలో దాచుకున్న బలం తగ్గుతుంది. దాన్ని మళ్ళీ నింపుకోనివ్వకూడదు. నీళ్ళు కూడా తగ్గించాలి. ఇప్పుడు రోజూ సాయంత్రం పది నిమిషాలు పైపు పట్టి పైపైన తడుపుతున్నాం కదా, తుంగకు అది పండగ. ఇంకొకటి, తుంగకు నీడ గిట్టదు. పక్కనున్న గడ్డి చిక్కగా, కాస్త ఎత్తుగా ఉంటే దాని అడుగున తుంగ నీరసించిపోతుంది.

కాబట్టి ఆ పక్కన ఉండాల్సిన గడ్డి ఏది అన్నదే అసలు ప్రశ్న. నా జవాబు గరిక.

నవ్వకండి. గరికను కలుపు అని మనమే పేరు పెట్టి పీకిస్తున్నాం. దాన్నే ఇంగ్లిషులో బెర్ముడా గ్రాస్ అని, విత్తనాల ప్యాకెట్‌లో పోసి అందమైన బొమ్మ వేసి అమ్ముతారు. పేరు బెర్ముడా అయినా ఆ దీవులకు అది వలస వెళ్ళిందే, పుట్టిల్లు అక్కడ కాదు. ప్రపంచంలో ఎన్నో క్రికెట్ మైదానాలూ గోల్ఫ్ మైదానాలూ ఈ జాతి గడ్డితోనే ఉన్నాయి. మన చెన్నైలో దీన్నే అరుగంపుల్లు అని పిళ్ళైయార్ గుడి ముందు మాలలు కట్టి అమ్ముతారు. పొద్దున్నే పార్కు గేటు దగ్గర వాకింగ్ వాళ్ళు నిలబడి దాని రసం తాగుతారు. వినాయక చవితికి పత్రిలో ఉండి తీరాలి. దేవుడికి పనికొచ్చింది మన లాన్‌కు పనికిరాదా?

గరికకు మన దగ్గర ఉన్న పెద్ద అర్హత ఒకటే. తొక్కినా తేరుకుంటుంది. నేల మీద పాకే తీగ, నేల కింద పాకే వేరుకాండం రెండూ ఉండటం వల్ల బోడి అయిన చోటును పక్కనున్న గరిక తానే వచ్చి కప్పేస్తుంది. మెక్సికన్ గడ్డి చూడ్డానికి నిజంగానే అందంగా ఉంటుంది, వెల్వెట్‌లా. కానీ అది చాలా నెమ్మదిగా పెరిగే జాతి. ఎవరూ తొక్కని బంగళా ముందు సరే. ఉగాదికి ఐదు వందలమంది, పెళ్ళికి షామియానా గుంజలు, ఆదివారం పిల్లల పరుగులు ఉన్న మన ఆవరణలో ఒకసారి గాయపడితే మానడానికి దానికి నెలలు పడుతుంది. అంతలో ఆ ఖాళీని తుంగ ఆక్రమిస్తుంది. పైగా ఆ దట్టమైన చాపలోకి తుంగ దూరితే విడదీసి తీయడం ఎవరివల్లా కాదు. నాలుగేళ్ళ కిందటి కథ అదే.

గరికలో లోపాలు లేవని అనను. నీడలో బతకదు. రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. పూల మడుల్లోకి చొరబడుతుంది, అంచు వెంట నెలకోసారి పారతో తెగ్గొట్టాలి. నీళ్ళు ఆపేస్తే మే నెలలో గోధుమరంగుకు తిరుగుతుంది. ఫొటోలకు బాగుండదు. కానీ వాన పడగానే లేస్తుంది. పొలంలో గరిక పడితే మన తాతలు వేసవి దుక్కులు దున్ని, వేళ్ళు ఎండబెట్టి, ఏరి కుప్పలేసి తగలబెట్టినా మళ్ళీ వచ్చేది. రైతుకు ఏది శాపమో అదే ఇక్కడ మనకు కావాల్సిన గుణం.

నీళ్ళ లెక్క కూడా చూడండి. లాన్ పచ్చగా ఉండాలంటే వేసవిలో వారానికి సుమారు 25 మిల్లీమీటర్ల నీళ్ళు కావాలి. అంటే చదరపు మీటరుకు 25 లీటర్లు. మనది 280 చదరపు మీటర్లు. వారానికి 7 వేలు, నాలుగు వారాలకు 28 వేల లీటర్లు. పన్నెండు వేల లీటర్ల నీళ్ళ లారీలు రెండు దాటి మూడోది పిలవాలి. కొత్తగా పరిచిన కార్పెట్‌కు ఈ నీళ్ళు పోయాల్సిందే, మానితే చచ్చిపోతుంది. పాతుకున్న గరికకు ఇందులో సగం చాలు. అవీ లేకపోతే ఎండి నిద్రపోతుంది, చావదు. 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం నాలుగూ అడుగంటినప్పుడు ఈ ఊరు ఎలా ఉందో మరిచిపోయామా? మన కుళాయిలో వచ్చే నీళ్ళలో కొంత శ్రీశైలం నుంచి కండలేరు మీదుగా తెలుగుగంగ కాలువలో పూండికి చేరుతున్నది. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ఒప్పందం చేసుకుంటే నీళ్ళు ఇక్కడికి చేరడానికి 1996 దాకా పట్టింది. అంత దూరం నుంచి వచ్చిన కృష్ణమ్మను మెక్సికన్ గడ్డికి పోద్దామా?

ఇప్పుడు పని ఎప్పుడు, ఎలా అన్నది. బెంగళూరులో ఉన్న బంధువులు జూన్ మొదట్లోనే నాటాలి అంటారు, వాళ్ళకు అది సరే. మనకు ఏడాది వర్షంలో సగానికి పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్‌లోపు పడుతుంది. ఆ వానల్లో కొత్త నాటు కొట్టుకుపోతుంది, నిలిచిన నీటిలో కుళ్ళుతుంది. అక్టోబర్‌కు ముందే వేళ్ళు పట్టేసి ఉండాలి. "ఆడిపట్టం తేడి విదై" అని ఇక్కడివాళ్ళు ఊరికే అనలేదు. ఆడి మాసం అంటే మన లెక్కలో పుష్యమి, ఆశ్లేష కార్తెలు, జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా. వేడి ఉంటుంది, సాయంత్రం ఉరుముల వానలు ఉంటాయి. గరికకు అంతకంటే మంచి కాలం లేదు.

దానికి ముందు మే నెల కత్తిరి ఎండను వాడుకోవాలి. నడిమధ్య బాగా చెడిపోయిన చోట నేలను బాగా తడిపి, పలచటి తెల్ల పాలిథిన్ షీటు పరిచి, అంచులు మట్టితో మూసేసి నెలా పదిహేను రోజులు వదిలేయాలి. నల్ల షీటు వద్దు, ఎండ లోపలికి దిగాలి. పైపొరలోని కలుపు గింజలు ఉడికిపోతాయి. తుంగ గడ్డలు పూర్తిగా చావవు, ఆ సంగతి ముందే ఒప్పుకుందాం. షీటు తీశాక నేలను లోతుగా తిరగెయ్యకూడదు, తిరగేస్తే అడుగున ఉన్న గింజలు పైకి వస్తాయి. జూన్‌లో పడే మొదటి జల్లులకు ఏం మొలుస్తుందో చూసి, మొలిచినదాన్ని తీస్తూ పోవాలి. పల్లేరు, గడ్డిచేమంతి, పులిచింత వంటివి అప్పుడు చేత్తోనే వచ్చేస్తాయి. పల్లేరును మాత్రం కాయ కట్టకముందే తీయాలి. పిల్లలు చెప్పులు విప్పి ఆడేది అక్కడే.

గట్టిపడిన చోట్ల గునపంతో జానెడు దూరానికి ఒకటి చొప్పున అర అడుగు లోతు గుంతలు పొడిచి, వాటిలోకి చివికిన ఎరువు కలిపిన జల్లెడ మట్టి ఊడ్చాలి. ఎరువు బాగా మాగి ఉండాలి. పచ్చి పశువుల ఎరువు వేస్తే ఆ పశువు మేసిన గడ్డి గింజలన్నీ మన లాన్‌లో మొలుస్తాయి. వర్మీకంపోస్టు, కాస్త వేపపిండి చాలు.

నాటడానికి గరిక కొనక్కర్లేదు. తూర్పు గోడ వెంట ఉన్నది చాలు, అది ఎవరూ నీళ్ళు పోయకుండానే మూడేళ్ళుగా పచ్చగా ఉంది. ఆ చోట తుంగ లేదని చూసుకొని తీగలు కోసి, రెండు మూడు కణుపులు ఉండేలా తుంచి, నాలుగైదు అంగుళాల దూరంలో వేలెడు లోతున నాటి, కొస పైకి వదిలి మట్టి నొక్కాలి. పాత తోటమాలులు ఇంకో పద్ధతి చేసేవారు. గరిక తుంపుల్ని ఎర్రమట్టి, పేడ, నీళ్ళతో కలిపి పచ్చడిలా చేసి తడి నేల మీద పలచగా పులిమేవారు. చిన్న బోడి మచ్చలకు అది ఇప్పటికీ చక్కగా పనిచేస్తుంది. మొదటి రెండు వారాలు రోజూ తేలిగ్గా తడపాలి. తర్వాత రెండు మూడు రోజులకోసారి, ఆ తర్వాత వారానికోసారి లోతుగా తడపాలి. నెల దాటాక చదరపు మీటరుకు పది గ్రాములకు మించకుండా యూరియా చల్లి వెంటనే నీళ్ళు పెట్టాలి. రెండు మూడు నెలల్లో నేల కనిపించకుండా కమ్ముకుంటుంది.

కోత సంగతి మర్చిపోకూడదు. ఇప్పుడు నెలకోసారి మెషిన్ తెచ్చి తిరుపతి గుండు కొట్టించినట్టు నేల దాకా కోస్తున్నారు. నేలకు ఎండ తగలగానే కలుపు గింజలకు మెలకువ వస్తుంది. గరికను అంగుళంన్నర ఎత్తున ఉంచి, ఒక కోతలో మూడో వంతుకు మించి తీయకుండా, పెరిగే కాలంలో వారం పది రోజులకు ఒకసారి కోయాలి. మాలికి ఇచ్చే నెల జీతం కాస్త పెంచితే ఇది జరుగుతుంది. కొటేషన్లకు లక్షలు చూసే కమిటీ మాలి జీతం దగ్గర వందలు బేరమాడటం నాకు నచ్చని విషయం, బహిరంగంగానే అంటున్నాను.

భవనం నీడ పట్టీలో గరిక వద్దు. అక్కడ కడప రాళ్ళు సందులు వదిలి పరిస్తే నడకదారి అవుతుంది. నీడలోనే ఉంటాయి కాబట్టి కాలవు. సందుల్లో వెడల్పాకు బఫెలో గడ్డి పెట్టుకోవచ్చు, అది కొంత నీడకు ఓర్చుకుంటుంది. గేటు దగ్గర పన్నెండు అడుగుల మేర బ్లాకులు వేయమనే నేనూ అంటాను. కార్లు రాకుండా ఆపలేం, ఆపుతామని తీర్మానం చేసి ప్రతి ఆదివారం గేటు దగ్గర గొడవపడటం కంటే అది మేలు. ఆ పన్నెండు అడుగులు దాటి చక్రం రాకూడదు, అంతే. అలాగే ఈశాన్య మూలన పదడుగుల చోటు మట్టి నేలగానే వదలమని మనవి. సంక్రాంతికి పేడతో అలికి ముగ్గు వేసి గొబ్బెమ్మలు పెట్టడానికి. గడ్డి మీద ముగ్గు నిలవదు, టైల్స్ మీద అలకలేం. మన ఆడపిల్లలు ఇప్పటికే చాక్‌పీసుతో ముగ్గులేస్తున్నారు.

ప్లాస్టిక్ గడ్డి గురించి ఎక్కువ రాయను. మే నెల మధ్యాహ్నం ఏదైనా హోటల్ టెర్రస్ మీద పరిచిన ప్లాస్టిక్ గడ్డి మీద ఒక్క నిమిషం వట్టి కాళ్ళతో నిలబడి రండి. ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఇంటర్‌లాక్ గురించి మాత్రం రాయాలి, ఎందుకంటే దానికే మద్దతు ఎక్కువగా ఉంది. దాని వెనక వాదన నాకు తెలుసు. ఒకసారి వేస్తే ఇరవై ఏళ్ళు చూడక్కర్లేదు, పార్కింగ్ ఉంటే హాలు అద్దె పెరుగుతుంది, అద్దె పెరిగితే తెలుగు తరగతి టీచర్లకు జీతాలివ్వొచ్చు. కోశాధికారి గారు చెప్పిన ఈ ఆఖరి మాట తీసిపారేసేది కాదు. మన దగ్గర తెలుగు చెప్పేవాళ్ళు దొరకడమే కష్టం, వాళ్ళకు ఇస్తున్నది ఆటో ఖర్చుకు సరిపోతోంది. కానీ లెక్కలో ఒకటి వదిలేశారు. ఒక్క రోజులో పది సెంటీమీటర్ల వాన పడటం ఈ ఊరికి కొత్త కాదు. అలాంటి రోజున ఈ ఆవరణ మీద పడే నీళ్ళు 28 వేల లీటర్లు. మెత్తటి గడ్డి నేల అందులో చాలా భాగం తాగుతుంది. బ్లాకుల సందుల్లోంచి కొంత దిగుతుందంటారు గానీ, బ్లాకులు కుంగకుండా కింద నేలను రోలర్‌తో దిమ్మిస చేస్తారు. ఇక దిగేదెక్కడ? ఆ నీళ్ళు మన మెట్లెక్కి హాల్లోకి, అక్కడి నుంచి గ్రంథాలయం గదిలోకి వస్తాయి. 2015 డిసెంబర్‌లో ఎన్ని పుస్తకాలు ఆరబెట్టుకున్నామో పాతవాళ్ళకు గుర్తుంది. మన బావిలో నీళ్ళు ఇంకా మిగలడానికి 2003లో ప్రభుత్వం తప్పనిసరి చేసిన ఇంకుడుగుంత ఒక కారణమైతే, చుట్టూ వీధిలో సిమెంటు కప్పని ఆఖరి నేల మనదే కావడం ఇంకో కారణం.

జీతాలకు డబ్బు కావాలంటే దారి ఉంది. ఫంక్షన్లకు ఆవరణ ఇచ్చేటప్పుడు విడిగా నేల డిపాజిట్ తీసుకుందాం. గుంజలు గడ్డి మధ్యలో పాతకుండా, పొయ్యిలు వెనక పెట్టించి, ఫంక్షన్ ముగిశాక మాలి చూసి సరే అన్నాకే డిపాజిట్ తిరిగి ఇద్దాం. వాన పడి నేల తడిగా ఉన్న రోజు ఆవరణ ఇవ్వకూడదు. తడి నేల మీద రెండు వందలమంది నడిస్తే ఏడాది పని ఒక్క సాయంత్రంలో పోతుంది. అక్టోబర్, నవంబర్‌లలో హాలు ఒక్కటే అద్దెకిస్తే కొంత ఆదాయం తగ్గుతుంది. నిజమే. మొత్తం పని చేయించినా మూడో కొటేషన్‌లో మిగిలే ముప్పాతిక భాగం ఆ లోటుకు సరిపోతుందా లేదా అన్నది సమావేశంలో కోశాధికారి గారే లెక్క వేసి చెప్పాలని కోరుతున్నాను.

నా సవరణ తీర్మానం ఇదే: మూడు కొటేషన్లూ ఒక ఏడాది పక్కన పెట్టాలి, మే నుంచి సంక్రాంతి దాకా ఈ పని మాలికీ నలుగురు సభ్యుల ఉపసంఘానికీ అప్పగించాలి. బలపరిచేవాళ్ళు ఇద్దరు కావాలి. పేర్లు ఇక్కడే కింద రాయండి. ఇంటర్‌లాక్ కావాలనేవాళ్ళూ రాయండి, సమావేశంలో అరుచుకోవడం కంటే ముందే తేలిపోతే మంచిది.

ఇంకో చిన్న మాట. తవ్వగా వచ్చే తుంగముస్తలు బస్తాలకొద్దీ ఉంటాయి. మంచి వాసన, సున్నిపిండిలో కలుపుతారు. ఏ అక్కయ్యకైనా, పిన్నిగారికైనా కావాలంటే ముందుగా చెప్పండి. కడిగి, ఎండబెట్టి ఉంచమని మాలికి చెప్తాను.